తువాలు కింద మాట

సీరియల్ · పదకొండో భాగం

కిందటి వారం భానుశ్రీని నవ్వుల మధ్య వదిలేసి వచ్చాం. ఇల్లంతా నవ్వుతోంది, ఆమె ఒక్కతే నవ్వలేదు.

మైలవరం నుంచి మేనత్త రామతులసి వచ్చింది, గుర్తుందిగా. ఆదివారం తాంబూలాలు. తన కొడుకు జయంత్, భానుశ్రీ చెల్లెలు సుస్మిత వేలికి తొడగబోయే ఉంగరాన్ని ఫొటో తీసి తెచ్చి అందరికీ చూపించింది. ఫోను చేతులు మారుతూ భానుశ్రీ నాన్న వెంకటకృష్ణారావు దగ్గరికి చేరింది. ఆయన చూపుడువేలు అద్దం మీద ఆనించి, పైనుంచి కిందికి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. ఒకచోట ఆగి రెండుసార్లు తట్టాడు. ఉంగరం తాటికాయంత అయింది. మళ్ళీ రెండుసార్లు తట్టాడు. చిన్నదైపోయింది. "అన్నయ్యా, అది ఫోను, పుచ్చకాయ కాదు" అంది రామతులసి. ఆ నవ్వులు అందుకు.

భానుశ్రీ ఎందుకు నవ్వలేదంటే, ఫోన్ని అలా ముట్టుకునే మనిషి ఆ ఇంట్లో తనొక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ.

ఆమె కంటి వెనక ఉండే పొర అంచుల నుంచి లోపలికి ఎండుకుంటూ వస్తోంది. వేసవిలో మడి ఎండినట్టు, గట్టు వారన మొదలై నడిమికి. ఇప్పటికి మధ్యలో చేతిగాజంత మిగిలింది. లోకాన్నంతా ఆ గాజులోంచే చూస్తుంది, ముక్కలు ముక్కలుగా. ఏడాది కిందట పరీక్ష చేసిన డాక్టరమ్మ మొదట అడిగింది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. పక్కనే కూర్చున్న నాన్న, మా వంశంలో ఎవరికీ లేదండి అన్నాడు, గొంతైనా సవరించుకోకుండా. అయితే సరే, ఉండుంటే మాత్రం మీ రెండో అమ్మాయికి మేనరికం అనుకుంటున్నామన్నారుగా, చేసేముందు ఇద్దరికీ రక్తపరీక్ష చేయించమనేదాన్ని, అందావిడ.

ఆ ఒక్క 'లేదండి' మీద నిలబడి ఉన్నాయి ఆదివారం తాంబూలాలు.

*

శుక్రవారం మధ్యాహ్నం వన్ టౌన్‌లో ఆటో దిగింది భానుశ్రీ. నాన్న కొట్టున్న సందులోకి ఆటో పోదు. పోయినా వెనక్కి రాదు. ఆ సందు సగం తోపుడుబళ్ళది, సగం హమాలీలది, ఇంకేమన్నా మిగిలితే మనుషులది. బ్యాగులో తెల్లకర్ర మడతపెట్టి ఉంది. ఉద్యోగం చేసిన బెంగళూరులో అయితే తీసేది. ఇక్కడ తీస్తే సాయంత్రంలోగా కొండ మీద అమ్మవారికి కూడా కబురందుతుంది. అందుకని చెవిలో ఇయర్‌ఫోను, చెప్పుల కింద నేల, ఈ రెండిటినీ నమ్ముకుని నడిచింది.

చెల్లెల్ని వెంట తెచ్చుకుంటే సుఖంగా ఉండేది. కానీ ఇవాళ్టి పని సుస్మిత ముందు చేసేది కాదు. పైగా సుస్మితతో నడక ఈమధ్యే కాస్త బాగుపడింది. మొదట్లో అక్క మణికట్టు పట్టుకుని సంతకి మేకపిల్లని లాక్కెళ్ళినట్టు లాక్కెళ్ళేది. అలా కాదే, నువ్వు నన్ను పట్టుకోకూడదు, నేనే నీ మోచేతికి కొంచెం పైన పట్టుకుంటా, నువ్వు అరడుగు ముందు నడువు, అని బెంగళూరులో నేర్చుకున్న పద్ధతి ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కేది కాదు. అలాంటిది నెలరోజులుగా తనంతట తానే మోచెయ్యి అందిస్తోంది, మెట్టు రాగానే ఒక్క క్షణం ఆగుతోంది. పెళ్ళి కుదిరాక పిల్లకి బుద్ధొచ్చిందనుకుంది భానుశ్రీ.

నడుస్తున్నంతసేపూ ఆమె బుర్రలో నాన్న వేలే తిరుగుతోంది.

స్క్రీన్ రీడర్ అంటే పెద్ద విద్యేం కాదు. అద్దం మీద వేలు ఎక్కడుంటే అక్కడున్నది చదివి చెప్పే గొంతు. కుడివైపుకి ఒక గీత గీస్తే తర్వాతిది చదువుతుంది. కావలసింది వినపడగానే రెండుసార్లు తట్టాలి. కుటుంబం వాట్సాప్ గ్రూపులో తెల్లారగానే దిగే పువ్వుల్నీ దేవుళ్ళనీ అది చూడలేదు, 'ఇమేజ్, ఇమేజ్, ఇమేజ్' అని జపం చేసి ఊరుకుంటుంది. చూపు తగ్గినందుకు దక్కిన కొద్దిపాటి లాభాల్లో అదొకటి. చూపున్న పెద్దవాళ్ళు ఫోన్ని సొరకాయ ముదిరిందో లేదో గిచ్చి చూసినట్టు పొడుస్తారు. చూపు లేనివాళ్ళు వేలు ఆనించి వెతుకుతారు. అలవాటైతే వేళ్ళకి ఒక యాస వస్తుంది. గుంటూరు మనిషి నోరు తెరిస్తే తెలిసిపోయినట్టు, ఈ మనిషి అద్దం మీద వేలు పెడితే తెలిసిపోతుంది. పైగా యాస ఎప్పుడు బయటపడాలో మన చేతిలో ఉండదు. చదివే గొంతు లేని ఫోను చేతికొచ్చినా వేలు దాని అలవాటునే పోతుంది.

నాన్న వేలికి ఆ యాస ఉంది. అదీ నిన్నా మొన్నా వచ్చింది కాదు.

*

వెంకటకృష్ణారావుది మినుములు, పెసల కమీషన్ కొట్టు. సందులో అందరూ ఆయన్ని పాతకాలం మనిషి అంటారు. పక్క కొట్లలో ధరలన్నీ ఫోన్లలో తేలిపోతుంటే ఈయన ఇంకా తువాలు బేరమే. అమ్మేవాడిదొక చెయ్యి, కొనేవాడిదొక చెయ్యి, రెండిటి మీదా తువాలు. ఏ వేలు పట్టుకుంటే ఎంతో ఆ ఇద్దరికే తెలుస్తుంది. చుట్టూ జనం నిలబడి ఉన్నా ధర బయటికి పొక్కదు. పిడికిలి మూస్తే కుదరదని. మణికట్టు పట్టుకుంటే ఖాయమని. ఖాయం చేసి మాట తప్పిన షావుకారుకి ఆ సందులో మంచినీళ్ళు కూడా పుట్టవు. చిన్నప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరికీ తువాలు కప్పి ఈ ఆట నేర్పింది ఆయనే. ఆ ఇంట్లో ఐస్‌క్రీము బేరాలన్నీ అలాగే కుదిరేవి.

భానుశ్రీ గుమ్మం ఎక్కేసరికి మొవ్వ నుంచి వచ్చిన రైతు రామకోటేశ్వరరావు మచ్చు సంచి విప్పి కూర్చున్నాడు.

"ఎండలో వచ్చావేంటమ్మా భానూ" అన్నాడు నాన్న, ఆమె నోరు తెరవకముందే.

చెప్పుల చప్పుడు, అనుకుంది భానుశ్రీ. తను కూడా మనుషుల్ని అలాగే గుర్తుపడుతోంది ఈమధ్య.

నాన్న మినుములు అరచేతిలో పోసుకున్నాడు. బొటనవేలితో రాశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక గింజ పంటికింద వేసుకున్నాడు. ముఖం మాత్రం రైతువైపే ఉంది. గింజ వంక చూడకుండానే సంగతి చెప్పేస్తాడురా షావుకారు, అని జనం మెచ్చుకునే దర్జా అది. ఇన్నేళ్ళూ భానుశ్రీకీ అందులో దర్జాయే కనిపించింది. ఇవాళ దర్జా పోయి, 'చూడకుండానే' అన్న ముక్క ఒక్కటి మిగిలింది.

ఆమె వెళ్ళి పరుపు మీద నాన్న పక్కన కూర్చుంది. "నాన్నా, ఒక బేరం ఉంది" అంది.

రైతు నవ్వాడు. అవతల కూర్చున్న గుమాస్తా తిరుపతిరావు తలెత్తి, పెళ్ళికూతురి అక్కగారు ఏం కొంటారో ఏంటో, షావుకారు గారూ, జాగ్రత్తండీ అన్నాడు. నాన్న కూడా నవ్వుతూనే భుజం మీది తువాలు తీసి ఇద్దరి చేతుల మీదా పరిచాడు.

తువాలు కింద ఆయన చేతిని వెల్లకిలా తిప్పింది భానుశ్రీ. అరచేతి మీద చూపుడువేలితో ఎడమ నుంచి కుడికి ఒక గీత గీసింది. మళ్ళీ ఒకటి. ఆగి, రెండుసార్లు తట్టింది.

ఏ బేరంలోనూ లేని గుర్తు అది. అర్థంకాని మనిషైతే ఇదేంటమ్మా అనేవాడు. నాన్న అనలేదు. ముఖం మీద నవ్వు ఉన్నది ఉన్నట్టే ఉంది. చెయ్యి మాత్రం చల్లబడింది.

కాసేపటికి ఆమె వేళ్ళని ఒక్కొక్కటే మడిచి పిడికిలి చేశాడు. కుదరదు.

భానుశ్రీ పిడికిలి విప్పుకుంది. మళ్ళీ గీత. మళ్ళీ గీత. మళ్ళీ రెండు.

బయట ఎవరో హమాలీ బండివాణ్ణి తప్పుకోమని అరుస్తున్నాడు. రైతు టీ చప్పరిస్తున్నాడు. నాన్న తువాలు మడిచి భుజం మీద వేసుకుని, రామకోటేశ్వరరావు గారిని భోజనానికి తీసుకెళ్ళవయ్యా, ధర సంగతి వచ్చాక చూద్దాం అని తిరుపతిరావుకి చెప్పాడు. ఇప్పుడే తిన్నానండి అని రైతు మొహమాటపడితే, అయితే మళ్ళీ తినండి అన్నాడు. వాళ్ళు వెళ్ళాక లేచి, వెనకాల గోడౌన్ వైపు నడిచాడు.

*

గోడౌన్‌కి కిటికీ లేదు. ఎండలోంచి ఒక్కసారిగా లోపలికి వెళ్తే భానుశ్రీకి గాజంత చూపు కూడా ఆరిపోతుంది, చాలాసేపటిగ్గాని వెలగదు. అందుకని గడప దగ్గరే ఆగి, చెయ్యి ముందుకు చాపి, తలుపు చెక్క కోసం తడుముకుంది.

"మెట్టుంది" అన్నాడు నాన్న లోపల్నుంచి, మెల్లగా.

ఆ మాట అమ్మది.

అమ్మ పోయి నాలుగేళ్ళు. బజారుకెళ్ళినా, పెళ్ళికెళ్ళినా, సినిమాకెళ్ళినా అమ్మ నాన్నకి అరడుగు ముందు నడిచేది. మెట్టు అనేది. గుంట అనేది. కుడిపక్క బండి అనేది. పెదవి కదలకుండా, మంత్రం చదివినట్టు. అమ్మకి పెత్తనం ఎక్కువని ఆడపిల్లలిద్దరూ నవ్వుకునేవాళ్ళు. పొద్దున్నే నాన్న గడ్డం గీసుకుంటుంటే ఎదురుగా పీట వేసుకుని పేపరంతా పైకి చదివేది, చావు కబుర్లతో సహా. మొగుణ్ణి మరీ గారాబం చేస్తోందని మేనత్త దెప్పేది. మోకాళ్ళ నొప్పులని నాన్న స్కూటరు అమ్మేస్తే, మంచిపని చేశారు, నేనే అమ్మమన్నాను అంది అమ్మ. ఇన్నాళ్ళూ వేటికవే విడివిడిగా ఉన్న సంగతులు. అన్నిటినీ ఒకే దారం పట్టి ఉంచిందని ఆ గడప మీద నిలబడితే గాని ఆమెకి తెలియలేదు.

లోపలికి అడుగుపెట్టి, చేతికి తగిలిన గోనె బస్తా మీద కూర్చుంది. ఎదుటి బస్తా మీద నాన్న కూర్చున్న చప్పుడైంది. ఆ చీకట్లో ఇద్దరిలో ఎవరికీ ఎవరూ కనపడరు.

"ఎంత కనిపిస్తుంది నాన్నా?"

మినపపొట్టు వాసన, గోనె వాసన, మధ్యలో ఎక్కడో ఎలుక కదిలిన చప్పుడు.

"పగలైతే గుమ్మం తెలుస్తుంది. ఎదురుగా మనిషి నిలబడితే నీడ తెలుస్తుంది. నీ ముఖం చూసి చాలా ఏళ్ళయిందమ్మా. నువ్వు కాలేజీలో చేరినప్పటి ముఖమే ఉంది నా దగ్గర. దాంతోనే సర్దుకుంటున్నా."

భానుశ్రీకి ఏడుపు రావాలి. ముందు కోపం వచ్చింది. ఫోను చూపించమంది. జేబులోంచి తీసి ఇచ్చాడు. తెర నల్లగా ఉంది. కొట్టులో అందరూ షావుకారు ఫోనులో ఛార్జింగ్ ఎప్పుడూ ఉండదనుకుంటారు, చెవిలో వినేది పురాణ ప్రవచనం అనుకుంటారు. తెర చీకటిగా ఉంచి గొంతు ఒక్కటే వినే ఏర్పాటు అది, ఎవరూ పక్కనుంచి తొంగిచూడకుండా. ఇయర్‌ఫోను తన చెవిలో పెట్టుకుని కుడికి ఒక గీత గీసింది. బాణలిలో శనగలు వేయించినట్టు ఏదో చిటపటలాడి ఆగిపోయింది. ఒక్క మాట అందలేదు.

"ఇంత స్పీడా?"

"నీ ఫోను చదువుతుంటే నాకు ఎడ్లబండి ఎక్కినట్టు ఉండేది. అందుకే కట్టెయ్యమనేవాణ్ణి" అన్నాడు. తర్వాత, గొంతు తగ్గించి, "అందుకూ కాదులే" అన్నాడు.

ఆ గొంతు వినపడ్డప్పుడల్లా గదిలోంచి నాన్న లేచి వెళ్ళిపోవడం గుర్తొచ్చింది ఆమెకి. కూతురి జబ్బుని ఆయన భరించలేకపోతున్నాడనుకుంది. ఒకే ఇల్లు, మధ్యలో ఒక గోడ. అటు ఆయన చెవిలో వైరు పెట్టుకుని, ఇటు తను చెవిలో వైరు పెట్టుకుని, ఒకే చీకట్లో ఎవరి దారి వాళ్ళు వెతుక్కున్నారు. గోడ మీద ఒక్కసారి తట్టి ఉంటే సరిపోయేది.

"డాక్టరమ్మ అడిగినప్పుడు లేదని ఎందుకన్నావు?"

"నువ్వు పక్కనే కూర్చున్నావు కదమ్మా."

"ఉంటే?"

"ఇది నా దగ్గర్నుంచే నీకొచ్చిందని నీ పక్కన కూర్చుని ఎట్లా చెప్పేది. ఇల్లిచ్చానా, పొలమిచ్చానా. ఇచ్చింది ఇదీ."

"ఏడాదిగా ఏం చేశానో తెలుసా నేను? రాత్రుళ్ళు ల్యాప్‌టాప్ ఎక్కువ చూశాననుకున్నా. అమ్మ ఆకుకూర తినమంటే తినలేదనుకున్నా. నా తప్పే ఏదో ఉందని వెతుక్కుంటూ కూర్చున్నా నాన్నా. ఉందమ్మా, నాకూ ఉంది, అని నువ్వు ఒక్క మాట అని ఉంటే నేను ఒంటిదాన్ని కాదని తెలిసేది."

నాన్న తువాలుతో ముఖం తుడుచుకున్నట్టు చప్పుడైంది.

ఆ తర్వాత ఆయన ఆగి ఆగి చెప్పినదాన్ని వరసలో పెడితే ఇంతే. పెళ్ళినాటికి తనకి సాయంత్రాలు కాస్త మసకగా ఉండేది, రేచీకటి అనుకున్నాడు. సుస్మిత పుట్టాక మద్రాసు తీసుకెళ్ళి చూపించింది అమ్మ. అమ్మ ఆయనకి వరసకి మేనమామ కూతురే, మేనరికం మీద మేనరికం. ఇది మన రెండిళ్ళ రక్తంలోనూ ఉండి ఉంటుందని అక్కడే చెప్పారు. తిరుగు రైల్లో అమ్మ చేసింది ఒకే పని. చూపు తగ్గిన షావుకారు చేతిలో ఏ రైతూ మచ్చు పొయ్యడు, కాబట్టి ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలని మాట తీసుకుంది. రైతుల దగ్గర మొదలైన దాపరికం పిల్లల దాకా పాకింది. తీయడానికి మంచిరోజు ఎప్పుడూ రాలేదు.

"మీ అమ్మ ఒక్కరోజు కూడా నన్ను ఒక మాట అనలా" అన్నాడు. "అన్నా బాగుండేది."

"అమ్మ పోయాక మరి ఎవరు చదివిపెట్టారు నీకు?"

"జయంతు."

భానుశ్రీ ఆ పేరు అక్కడ ఊహించలేదు.

"మీ అమ్మ దినాలప్పుడు పేపరు తిరగేసి పట్టుకుని కూర్చున్నానంట. వాడొక్కడే చూశాడు. ఏమీ అడగలా. తర్వాతి వారం ఈ ఫోను పట్టుకొచ్చాడు. ఇదిగో, ఈ బస్తాల మీదే కూర్చోబెట్టి నేర్పాడు. నా వల్ల కాదురా అంటే, 'తువాలు బేరమే అనుకో మావయ్యా. అద్దం నీ అవతల మనిషి. వేలితో అడుగు, చెవిలో చెబుతుంది. నచ్చితే రెండు తట్టు, ఖాయం' అన్నాడు. ఇక నేర్చుకోకపోవడం ఎట్లా."

అంత చక్కగా ఎవరూ చెప్పలేదు భానుశ్రీకి. బెంగళూరులో క్లాసులకి వెళ్ళి, రోజుల తరబడి కుస్తీపట్టి, రెండుసార్లు ఫోను గోడకేసి కొట్టబోయి నేర్చుకుంది ఆమె. జయంత్‌ది మైలవరంలో డ్రిప్పు పైపుల షాపు. డ్రిప్పు పైపులు అమ్మేవాడికి ఈ విద్య ఎక్కడిది?

"అతనికెట్లా తెలుసు ఇదంతా?"

"యూట్యూబులో చూశానన్నాడు. నేనూ గుచ్చిగుచ్చి అడగలా."

అన్నంలో రాయిలా పంటికింద ఏదో తగిలింది భానుశ్రీకి. తీసి చూసే తీరిక లేదు. ముందు అడగాల్సింది వేరే ఉంది. సుస్మితకి తెలుసా అంది. తెలియదన్నాడు. ఎవరికీ చెప్పనని జయంత్ తన చెయ్యి పట్టుకుని మాటిచ్చాడనీ, అత్తకి కూడా తెలియదనీ అన్నాడు.

"అయితే దానికి నువ్వే చెప్పాలి నాన్నా. ఆదివారం లోపల. ఇద్దరూ పరీక్ష చేయించుకుంటారు. ఏం తేలితే అది."

"పెళ్ళి ఆగిపోతే?"

"ఆగితే ఆగుతుంది. తెలిసి చేసుకుంటే చేసుకుంటారు. పెళ్ళికి ముందు అమ్మకి నువ్వు చెప్పలేకపోయావు, నీకే తెలీదు కాబట్టి. నాకు చెప్పలేకపోయావు, భయం కాబట్టి. సుస్మికి చెప్పకపోతే మాత్రం దానికి పేరు వేరే ఉంటుంది."

కటువుగా వచ్చింది మాట. వెనక్కి తీసుకోవాలనిపించలేదు. రేపు సుస్మితకి పుట్టబోయే బిడ్డ ఏదో ఒకరోజు ఇలాగే గడప దగ్గర ఆగి తడుముకోవడం కళ్ళముందు మెదిలింది. ఆ బిడ్డ అడిగితే, మాకు ముందే తెలుసు అని ఎవరు చెప్పాలి?

ఎదుటి బస్తా గరగరమంది. నాన్న లేచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. చీకట్లో ఆమె చెయ్యి ఎక్కడుందో వెతికి పట్టుకుని, దాని మీద తువాలు కప్పాడు. ఎవరూ చూడటం లేదు. చూసే కళ్ళూ లేవక్కడ. అయినా కప్పాడు. ఆ మనిషికి మాట ఇవ్వడం ఇంకోలా రాదు.

వేళ్ళు పైకి పాకి, ఆమె మణికట్టుని గట్టిగా పట్టుకున్నాయి.

ఖాయం.

అప్పుడొచ్చింది భానుశ్రీకి ఏడుపు.

*

కొట్టు ముందు సుస్మిత గొంతు వినపడింది. నాన్నా, నాన్నా అంటోంది. భోజనం ముగించి వచ్చిన తిరుపతిరావు, లోపల గోడౌన్లో ఉన్నారమ్మా, అక్కగారు కూడా ఉన్నారు అంటున్నాడు. పట్టుబట్టల కొట్టుకి నాన్నని తీసుకెళ్ళడానికి నాలుగింటికి వస్తామన్న జంట. చాలా ముందే వచ్చేశారు.

నాన్న వేళ్ళు మణికట్టు మీదే ఉన్నాయి. బిగుసుకున్నాయి. "ఇప్పుడే చెప్పేస్తాను" అన్నాడు ఆమెకి మాత్రమే వినపడేలా. "ఆగితే మళ్ళీ ధైర్యం ఉండదు."

గోడౌన్ గుమ్మంలో ఎండ తెల్లగా కాగితం పరిచినట్టుంది. ఇంతసేపూ చీకట్లో కూర్చున్న కళ్ళకి అది ఒక్కటే కనిపించింది భానుశ్రీకి. దాని మీద రెండు నీడలు పడ్డాయి, ఒకటి అరడుగు ముందు, ఒకటి వెనక.

ముందు నీడ గడప దగ్గరకొచ్చి ఒక్క క్షణం ఆగింది.

భానుశ్రీకి మనిషి మొత్తం ఒకేసారి కనపడరు. గాజులో పట్టినంతే కనపడతారు. తల తిప్పి, ముఖాల కోసం వెతుకుతుంటే గాజు కాస్త కిందికి జారింది. అందులో పడింది సుస్మిత మోచెయ్యి. ఆ మోచేతికి కొంచెం పైన జయంత్ చెయ్యి. బొటనవేలు బయటికి, నాలుగు వేళ్ళు లోపలికి.

ప్రేమలో ఉన్నవాళ్ళు వేళ్ళు పెనవేసుకుంటారు. భుజం మీద చెయ్యి వేసుకుంటారు. అలా ఎవరూ పట్టుకోరు. అలా పట్టుకోవడం ఎవరో నేర్పాలి. అందులోనూ, అలా పట్టుకోవలసిన అవసరం ఉన్నవాళ్ళకే నేర్పుతారు.

"మెట్టుంది" అంది సుస్మిత, పెదవి కదలనంత మెల్లగా.

జయంత్ రెండో చెయ్యి గాల్లోకి లేచి, తలుపు చెక్క కోసం తడుముకుంది. ఎండలోంచి చీకట్లోకి వచ్చినప్పుడు భానుశ్రీ చెయ్యి తడుముకునేది అచ్చం అలాగే.

డ్రిప్పు పైపులు అమ్మేవాడికి ఆ విద్య ఎక్కడిదో తెలిసింది. నెలరోజుల నుంచి చెల్లెలికి మోచెయ్యి అందించే బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా.

పక్కన నాన్నకి ఇదేమీ కనపడదు. రెండు నీడలు వచ్చి నిలబడ్డాయని మాత్రమే ఆయనకి తెలుసు. గొంతు సవరించుకున్నాడు. ఏడాది కిందట డాక్టరమ్మ ముందు సవరించుకోని గొంతు.

"సుస్మీ, జయంతూ, ఇట్లా వచ్చి కూర్చోండమ్మా. మీతో ఒక మాట చెప్పాలి."

భానుశ్రీ తువాలు కింద నాన్న వేళ్ళని గబగబా మడిచి పిడికిలి చేసింది. వద్దు, ఇప్పుడు కాదు, ముందు నాకు చూసుకోనీ అన్నట్టు. ఆయన ఆ పిడికిలిని ఒక్క క్షణం అలాగే ఉంచాడు. తర్వాత వేళ్ళు విప్పుకుని మళ్ళీ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఖాయమైన బేరం ఆ సందులో తిరగబడదు.

గుమ్మం దగ్గర్నుంచి సుస్మిత ఒక్క అడుగు ముందుకు వేసింది. జయంత్ వేళ్ళు ఆమె మోచేతిని వదల్లేదు.

"మేమూ ఒక మాట చెప్పడానికే వచ్చాం నాన్నా" అంది. "అక్క కూడా ఉండటం మంచిదైంది. ముందు మాది వినండి."